ఆరు పేజీల ఉత్తరం

గతవారం గడియారం మేడమ్‌ని ఆవిడ గదిలోనే, ఒక బూడిదరంగు కవరు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ అలాగే కూర్చుని ఉంది. కాఫీ కూడా చల్లారిపోయింది.

దారి మధ్యలో ఎక్కినవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇది ఎనభై సీట్ల కోసం వేలమంది కొట్టుకునే బిజినెస్ స్కూలు. ఇక్కడ చదివి వెళ్లినవాళ్లు కంపెనీలు నడుపుతారు. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లు, తామే లేకపోతే ఆ కంపెనీలు ఒక్క అడుగు కూడా వెయ్యలేవనుకుంటారు. డైరెక్టరుగారి పదవీకాలం ఈ నెలతో సరి. శుక్రవారం ఆరుగురు సభ్యుల ఎంపిక సంఘం కూర్చుని ఆ కుర్చీ ఎవరిదో తేల్చేస్తుంది. బరిలో ఉన్నది ఇద్దరు. ఒకరు మన మేడమ్. గంట కొట్టగానే క్లాసు తలుపుకి లోపలినుంచి తాళం వేసి, మళ్లీ గంట కొట్టేదాకా తియ్యదు కాబట్టి ఆవిడకా పేరు. రెండోవారు మండుటెండలో కూడా కోటు విప్పని కోటు ప్రొఫెసరు. సోమవారం సాయంత్రం కోటుగారి గొంతు హఠాత్తుగా పూడుకుపోయింది. రేపు పదింటికి ఆయన క్లాసు మీరు తీసుకోగలరా అని డైరెక్టరుగారు స్వయంగా ఫోన్ చేసి అడిగారు. పోటీదారు క్లాసు పోటీదారు చేతికే! ఇందులో ఏదో ఉందని మేడమ్‌కి అప్పుడే తట్టింది. కానీ ఎంపిక వారంలో కాదంటే, చిన్న సాయం కూడా చెయ్యని మనిషని పేరొస్తుంది. సరేనంది.

ఇప్పుడు మంగళవారం ఉదయం, ఎనిమిది దాటి పది నిమిషాలు. కవరులోంచి రెండు బయటికొచ్చాయి. ఒకటి, క్లాసులో చర్చించాల్సిన కేసు. రెండోది, లక్క సీలు వేసిన మందపాటి గోధుమరంగు కవరు. దానిమీద 'రెండో భాగం. చివరి పది నిమిషాల్లో మాత్రమే విప్పాలి' అని ఉంది.

కేసంటే కోర్టు కేసు కాదు. ఎక్కడో ఒక సంస్థలో నిజంగా జరిగిన చిక్కుని కథలా రాసి, చిక్కు ముడిపడే చోట ఆపేసి, మీరైతే ఏం చేస్తారని విద్యార్థుల్ని అడగడం ఈ స్కూలు పద్ధతి. గంటన్నర కొట్టుకున్నాక, చివర్లో రెండో భాగం పంచుతారు. నిజంగా ఏం జరిగిందో అందులో ఉంటుంది. మన మేడమ్‌కి ఇంకో అలవాటు. రెండో భాగాన్ని ముందుగా చూడదు. పిల్లలతో పాటే విప్పి, మొదటి వాక్యం తనే పైకి చదువుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే.

ఆవిడ కేసు చదవడం మొదలుపెట్టింది.

ఒక పెద్ద ఆస్పత్రి. నూట ఇరవై పడకలు. ముప్ఫై మూడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒక సర్జన్. తెలిసినవాళ్లని చూసి పక్షపాతం చూపకూడదని, రోగుల మొహాలు చూడకుండా పడక నంబరు చూసే పనిచేసే నిక్కచ్చి మనిషి. ఒకసారి పక్కపక్క పడకల్లో ఉన్న ఇద్దరు రోగులు, ఏసీ చల్లగాలి చెవిలోకి కొడుతోందని, చోట్లు మార్చుకున్నారు. ఆయన నంబరు చూశాడు, మొహం చూడలేదు. ఒకరికి చెయ్యాల్సింది ఇంకొకరికి చేశాడు. నష్టపోయిన రోగి మొత్తుకుంటే, సర్జన్ మాటకి పైమాట లేదన్న ఆస్పత్రి నియమం చూపించి పంపేశారు. నాలుగున్నర నెలల తరవాత ఆయనకు తన తప్పు తెలిసింది. రాజీనామా చేస్తూ ఆరు పేజీల ఉత్తరం రాశాడు. కానీ ఇవ్వలేదు. పదిన్నరేళ్లుగా ఆ ఉత్తరం ఆయన ఇంట్లో ఒక సొరుగులోనే ఉంది. ఇప్పుడు తొమ్మిదిమంది సభ్యుల సంఘం ఆస్పత్రికి కొత్త పెద్దను ఎన్నుకోబోతోంది. ఆయన పోటీలో ఉన్నాడు. ఆ తొమ్మిదిమందిలో మీరొకరైతే ఏం చేస్తారు?

మొదటిసారి చదివినప్పుడు చెవులు వేడెక్కాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్నా నేను, అని తనని తానే తిట్టుకుంది. ప్రపంచంలో చల్లగాలి ఒక్క చోటే వీస్తుందా? చెవిపోటు ఒక్కరికే వస్తుందా?

రెండోసారి చదివితే 'పదిన్నరేళ్లు' దగ్గర కళ్లు ఆగిపోయాయి. పదిన్నరేళ్ల క్రితం అని ఎవడంటాడు? పదేళ్లంటారు, పదకొండంటారు. పదేళ్ల పైమాటే అంటారు. పదిన్నర అన్నది మనిషి నోట్లోంచి వచ్చిన మాట కాదు. గుణకారంలోంచి వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. కేసులో ఉన్నవాళ్ల పరువు పోకుండా స్కూలు వాళ్లకి మారువేషం వేస్తుంది. ఊరు మారుస్తారు, వృత్తి మారుస్తారు, ఆడవాళ్లని మగవాళ్లు చేస్తారు. అంకెలన్నిటినీ ఏదో ఒకే అంకెతో పెంచేస్తారు, దేనికది మారిపోయినా వాటి మధ్య పొత్తు చెడకుండా. ఈ నియమాలన్నీ ఒక చిన్న పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం రాసింది గడియారం మేడమే.

ఆవిడ పెన్సిల్ తీసి ఒకటిన్నరతో భాగించడం మొదలుపెట్టింది. ముప్ఫై మూడేళ్ల ఉద్యోగం ఇరవై రెండు. తనది ఇరవై రెండో ఏడు. నూట ఇరవై పడకలు ఎనభై సీట్లు. తొమ్మిదిమంది సభ్యులు ఆరుగురు. నాలుగున్నర నెలలు మూడు నెలలు. పదిన్నరేళ్లు ఏడేళ్లు.

పెన్సిల్ కింద పెట్టింది.

ఏడేళ్ల క్రితం ఆవిడ క్లాసులో, మూడో వరుసలో ఒక అమ్మాయి ఉండేది. గరగర గొంతు. రోజూ చెయ్యెత్తేది, అడ్డదిడ్డంగా కాదు, విషయంతో. ఈ స్కూల్లో సగం మార్కులు క్లాసులో మాట్లాడినదానికే. పేరు తెలిస్తే పక్షపాతం పుడుతుందని మేడమ్ పేర్లు నేర్చుకునేది కాదు. ఫలానా సీటు బాగా మాట్లాడింది, ఫలానా సీటు నోరు విప్పలేదని సీట్ల పటం మీద గుర్తు పెట్టుకుని, తరవాత పటంలో ఆ సీటు కింద ఉన్న పేరుకి మార్కులు వేసేది. రెండోరోజే ఆ అమ్మాయి ఏసీ చల్లగాలి ఒంటికి సరిపడక, పక్క సీటు కుర్రాడితో చోటు మార్చుకుంది. పటం మొదటిరోజుది. ఆ అమ్మాయి ఆరునెలలు మాట్లాడింది, మార్కులు ఆ కుర్రాడికి పడ్డాయి. నోరు విప్పని కుర్రాడికి బంగారు పతకం. ఆ అమ్మాయికి సున్నా. నియమం ప్రకారం ఇంటికి పంపేశారు. 'నేను రోజూ మాట్లాడాను' అని ఆ అమ్మాయి డైరెక్టరుగారికి అర్జీ పెట్టుకుంటే, మేడమ్ మార్కులకి తిరుగులేదని ఒక్క గీత గీసి కొట్టేశారు.

మూడు నెలల తరవాత పాత క్లాసు వీడియో ఒకటి చూస్తుంటే మేడమ్‌కి ఆ గరగర గొంతు వినిపించింది. ఏ సీట్లోంచి వస్తోందో చూసింది. ఆ రోజే కూర్చుని రాజీనామా రాసింది. ఆయన, అంటే ఆవిడ భర్త, ఆ ఉత్తరం చేతిలోంచి తీసుకుని, 'నువ్వు మానేస్తే ఆ అమ్మాయికి ఏమొస్తుంది? కొన్నాళ్లాగు' అని దాచేశాడు. కొన్నాళ్లు ఏడేళ్లయ్యాయి. తప్పు ఎంత పాతదైతే అంత బరువెక్కుతుందని ఆవిడకి తెలియక కాదు. ధైర్యం చాలలేదు, అంతే. అప్పటినుంచీ మొదటి వారంలోనే ఎనభై పేర్లూ కంఠతా పట్టేస్తోంది. మేడమ్ మెత్తబడిందని పిల్లలు మురిసిపోతారు.

మిగిలిన అంకె ఒక్కటే. ఆరు పేజీల ఉత్తరం. ఒకటిన్నరతో భాగిస్తే నాలుగు.

కానీ తను రాసింది మూడే పేజీలు. మూడో పేజీ అడుగున సంతకం చేసిన సంగతి కళ్లకి కట్టినట్టుంది. ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, కుట్టుమిషన్ సొరుగులో నా ఉత్తరం ఉందేమో ఒకసారి చూడండి."

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏది అడిగినా ముందు 'ఎందుకు' అనే మనిషి. ఇవాళ ఎందుకని అడగలేదు.

"ఉందిలే."

"చూడకుండానే ఉందంటారేంటి? లేచి చూడండి."

సొరుగు లాగిన చప్పుడైంది. "ఆఁ, ఉంది. చేతికి తగిలింది."

"ఎన్ని పేజీలున్నాయి?"

"ఎన్నుంటాయి? మూడు."

"లెక్కపెట్టారా?"

"కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనపడట్లేదు. అయినా నువ్వు రాసినవి మూడేగా! క్లాసుకి టైమవుతోంది కదా, వెళ్లు," అని పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో తనకంటే ముందు ఆయన ఫోన్ పెట్టెయ్యడం అదే మొదటిసారి.

కేసుల విభాగం కింది అంతస్తులో ఉంది. దాని పెద్ద ఎవరో కాదు, ఆవిడ మరిది. ఎప్పుడూ చెవి మీద పెన్సిల్ ఉంటుంది కాబట్టి స్కూలంతా అతన్ని పెన్సిల్ అనే పిలుస్తుంది. ఆ ఉత్తరం సంగతి ఈ భూమ్మీద తెలిసినవాళ్లు ముగ్గురే. తను, ఆయన, ఈ మరిది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టాలనుకునే మెట్లు దిగింది ఆవిడ.

"రా వదినా! పొద్దున్నే ఏంటిలా? కాఫీ చెప్పనా?"

"తలుపు వెయ్యి."

అతను తలుపు వేశాడు. ఆవిడ కేసుని బల్లమీద పెట్టింది, పదిన్నరేళ్ల కింద గీసిన గీత పైకి కనపడేట్టు.

"దీనికి మారువేషం వేసింది నువ్వేనా?"

"నేనే. ఇక్కడ ఆ పని ఇంకెవరు చేస్తారు?"

"అయితే అసలు ప్రతి చూసుంటావు. అందులో ఆస్పత్రని ఉందా, స్కూలని ఉందా?"

మరిది చెవిమీది పెన్సిల్ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "స్కూలనే ఉంది."

"సర్జనని ఉందా, ప్రొఫెసరని ఉందా?"

"వదినా..."

"అంటే నేనని తెలుసు. ఎన్నాళ్లైంది ఇది నీ దగ్గరికొచ్చి?"

"నెల."

"నెల! నాలుగు ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని భోంచేశావు. మీ అన్నయ్యతో పేకాడావు. నాకు ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?"

"చెప్పావో ఉద్యోగం పోతుందన్నారు డైరెక్టరుగారు. ఆయన గదిలోంచే టైపు చేసి వచ్చింది. రాసినవాళ్ల పేరు లేదు, అడగొద్దన్నారు." గొంతు తగ్గించాడు. "చెప్పలేకే ఆ పదిన్నర అలా వదిలేశాను. పదకొండని దిద్దడానికి నాకెంతసేపు? ఇంకెవరి కంటికీ ఆనదు, నువ్వొక్కదానివే పట్టుకుంటావని ఉంచాను."

నిజమే కావచ్చు. పట్టుబడ్డాక అప్పటికప్పుడు అల్లిందీ కావచ్చు. చిన్నప్పుడు ఈ మరిది మామిడికాయలు దొంగిలించి దొరికితే, మీకోసమే కోశానని చేతిలో పెట్టేవాడని అత్తగారు చెప్పేది.

"ఉత్తరం సంగతి వాళ్లకెవరు చెప్పారు?"

"నేను చెప్పలేదు. నీమీదొట్టు."

"నామీద వద్దు, నీమీదే వేసుకో. మరో సంగతి. నేను రాసింది మూడు పేజీలు. ఒకటిన్నరతో పెంచితే నాలుగున్నర కావాలి. ఆరని వేశావు. లెక్క తప్పావు."

దానికి మాత్రం మరిది మొహం ఎర్రబడింది. దొంగతనం అంటగట్టినా పడ్డాడు కానీ లెక్క తప్పావంటే పడలేకపోయాడు. "లెక్కల మాస్టారి తమ్ముణ్ని వదినా, లెక్క తప్పను. అసలు ప్రతిలో నాలుగు పేజీల ఉత్తరమనే ఉంది. నాలుగుని ఆరు చేశాను."

"ఏదీ ఆ ప్రతి? చూపించు."

"నిన్న సాయంత్రం డైరెక్టరుగారొచ్చి తీసుకెళ్లారు."

"ఈ రెండో భాగం?"

"అది నాకు చూపించలేదు. సీలు వేసే వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ బీరువాలో ఉంది, పొద్దున్న నీ గదికి పంపాను. దానికి తాళంచెవులు రెండు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర."

అంటూ అతను బల్లమీది కాగితాలు సర్దబోయాడు. ఏవో కాగితాల్ని ఏదో వస్తువు మీదికి లాగుతున్నాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కాగితాల కింద ఒక కళ్లజోడు పెట్టె. మూత మడత విరిగిపోతే నీలం దారంతో కట్టి ఉంది. ఆ దారం కట్టింది తనే.

"మీ అన్నయ్య ఎప్పుడొచ్చాడు?"

"నిన్న... ఇటుగా వెళ్తూ, ఊరికే వచ్చాడు."

"ఊరికే వచ్చినవాడు కళ్లజోడు పెట్టుకుని ఏం చదివాడు?"

ఆవిడ పెట్టె తీసి తన సంచిలో వేసుకుంది. అంతవరకూ ఒక్క మనిషి మీదున్న అనుమానం ఇప్పుడు ఇంట్లో మంచం దాకా పాకింది. అది తేలు పాకినదానికంటే ఎక్కువ మండింది.

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "వదినా, క్లాసు మాత్రం మానకు. చివరిదాకా చెప్పు," అన్నాడు. బతిమాలుతున్నట్టుందా, బెదిరిస్తున్నట్టుందా అన్నది ఆవిడకి తెలియలేదు.

పదికి ఐదు నిమిషాలుండగా క్లాసు బయట వరండాలో డైరెక్టరుగారు ఎదురయ్యారు. ఈయన నవ్వు గురించి పాత వారాల్లోనే చెప్పాను కదా, తేనె పూసిన కత్తి.

"థాంక్యూ మేడమ్. కోటుగారు పాపం మాట్లాడలేకపోతున్నారు. నేను కూడా వెనక వరుసలో కూర్చుందామనుకుంటున్నాను. మీ క్లాసు చూసి ఎన్నేళ్లైందో!"

"కూర్చోండి సార్. కేసు బాగుంది. ఎవరు రాశారో తెలియలేదు."

"రాసింది ఎవరైతేనేం? మంచి కేసు. రెండో భాగం మాత్రం నేనే రాశాను. ఒకటే వాక్యం." ఆయన ఆవిడకి ఇంకొంచెం దగ్గరగా వచ్చి గొంతు తగ్గించారు. "'ఆ సర్జన్ హుందాగా పోటీలోంచి తప్పుకున్నాడు.' అంతే. మీ అలవాటు ప్రకారం మీరే పైకి చదువుతారుగా! అయ్యాక నా గదికి రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం. మర్యాదగా అయిపోతే అందరికీ మంచిది. కాకపోతే శుక్రవారం ఆ ఆరుగురికీ మారువేషం లేకుండా చదివి వినిపించాల్సి వస్తుంది."

అదీ సంగతి. కుర్చీ పోతే పోయింది, ఆవిడకి దానిమీద బెంగ లేదు. తన తప్పు తన నోటితో తను ఒప్పుకునే హక్కుని కూడా ఈ మనిషి లాగేసుకుని, బేరానికి పెట్టాడు. అదే ఆవిడ గుండెల్ని పిండేసింది. ఏడేళ్లు నోరు మూసుకున్నందుకు ఇది జీతం, అనుకుంది.

గంట కొట్టింది. డైరెక్టరుగారు వెనక వరుసలో కూర్చున్నారు. ఆవిడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది.

"మీరు ఆ తొమ్మిదిమందిలో ఒకరు. ఆయన్ని ఎన్నుకుంటారా?"

అరవై చేతులు లేచాయి. ముందు వరుసలో కళ్లజోడు కుర్రాడు మొదలుపెట్టాడు. "ఎన్నుకుంటాను మేడమ్. ముప్ఫై మూడేళ్లలో ఒక్క తప్పు. పైగా తనే బాధపడి రాజీనామా రాశాడు. ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

"రాయడం గొప్పా? ఇవ్వలేదుగా!" అంది ఆ పక్కనుంచి ఇంకో అమ్మాయి. "సొరుగులో పెట్టుకునే నిజాయితీ నా దగ్గర కూడా బోలెడుంది."

క్లాసు గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని.

"తప్పు ఆయనది కాదు, నియమానిది," అన్నాడొకడు. "నంబరు చూసి పనిచెయ్యమని ఆస్పత్రే నేర్పింది," అన్నాడింకొకడు. ఆవిడ ఎవరేమన్నా బోర్డు మీద రాస్తూనే ఉంది. ఒక పక్క ఆయన్ని వెనకేసుకొచ్చే మాటలు, ఒక పక్క ఆయన్ని దులిపేసే మాటలు. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే రాస్తోంది. ఒక్కో మాటకీ లోపల ఒక్కో చురుకు.

గంటంపావు దాటాక, నాలుగో వరుసలో అంతవరకూ మాట్లాడని ఒకామె చెయ్యెత్తింది. ఈ స్కూలుకి రాకముందు పదేళ్లు నర్సుగా చేసిన మనిషి.

"మేడమ్, నాకొక చిన్న అనుమానం. ఈ ఆరు పేజీల ఉత్తరం ఎవరి పేరున రాశాడాయన?"

"ఆస్పత్రి పెద్దకి."

"ఆరు పేజీల్లో ఆ రోగికి ఒక్క ముక్కైనా రాశాడా? ఎక్కడున్నావు, ఎలా ఉన్నావు, నీది తప్పు కాదు నాది అని? ఇందులో ఎక్కడా లేదు. ఆయన ఉద్యోగం గురించి ఆయనే బాధపడ్డాడు, ఆయన పరువు గురించి ఆయనే ఏడ్చాడు. రోగి మాట ఎవరికీ పట్టలేదు. మేం కూడా గంటనుంచి ఆయన గురించే మాట్లాడుకుంటున్నాం."

మేడమ్ సుద్దముక్క పట్టుకుని బోర్డువైపే నిలబడిపోయింది. ఆ మూడు పేజీల్లో ప్రతి వాక్యం ఆవిడకి కంఠతా వచ్చు. మొదటినుంచి చివరిదాకా మనసులోనే వెతుక్కుంది. ఆ అమ్మాయికి చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు. ఏడేళ్లుగా నేను దాచుకున్నది క్షమాపణ అనుకున్నాను, కాదు, నా ఏడుపే దాచుకున్నాను, అనుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సుద్దపొడి పడ్డట్టు కళ్లు తుడుచుకుంది.

"మంచి ప్రశ్న," అంది. క్లాసువైపు తిరిగి మళ్లీ అంది, "ఇరవై రెండేళ్లలో ఈ గదిలో నేను విన్న ప్రశ్నల్లో ఇదే మంచిది."

గడియారం చూసింది. చివరి పది నిమిషాలు. వెనక వరుసలో డైరెక్టరుగారు కాలు మీద కాలు వేసుకుని, నాటకం ఆఖరి రంగం చూడ్డానికి సర్దుకున్నట్టు సర్దుకున్నారు.

ఆవిడ సీలు విప్పింది. ఎనభై కాగితాలు, అన్నీ ఒకే కాగితానికి నకళ్లు. పై కాగితం చేతిలోకి తీసుకుంది. ఏముందో తెలిసిన వాక్యమే కదా, నోరు దానికి సిద్ధమైపోయింది. కానీ కంటి ముందున్నది టైపు కాదు. చేతిరాత. గుండ్రటి అక్షరాలు, బడిలో బోర్డు మీద రాసినట్టు విడివిడిగా. పైన మూలలో నాలుగు అంకె, దాని చుట్టూ సున్నా. మనసు అడ్డుపడేలోపే నోరు చదివేసింది.

"'డైరెక్టరుగారికి. మా ఆవిడకి తెలియకుండా ఆవిడ ఉత్తరానికి ఈ నాలుగో పేజీ కలిపి, నాలుగూ మీ చేతికే ఇస్తున్నాను.'"

వెనక వరుసలో కాలు మీది కాలు కిందికి దిగింది.

ఏడేళ్లు. ఉత్తరం డైరెక్టరుగారి చేతికి వెళ్లిపోతే, ఆ సొరుగులో ఏడేళ్లుగా ఏముంది? ఇవాళ పొద్దున్న ఆయన చేతికి తగిలిందేమిటి?

కళ్లజోడు కుర్రాడు తడబడుతూ లేచాడు. "మేడమ్, 'మా ఆవిడ' అంటున్నారేంటి? ఆ సర్జన్ మగవాడు కదా?"

ఆవిడ అతన్ని చూసింది. నాలుగో వరుసలో నర్సుని చూసింది. ఒక్కొక్కరి పేరూ తెలుసు, ఎవరెక్కడ కూర్చున్నారో కూడా తెలుసు.

"మగవాడు కాదు," అంది. "సర్జనూ కాదు. అది ఆస్పత్రీ కాదు."

వెనక కుర్చీ కిర్రుమంది. డైరెక్టరుగారు విసవిసా తలుపు దగ్గరికి నడిచి పిడి తిప్పారు. తలుపు రాలేదు. ఇంకోసారి గట్టిగా తిప్పారు. ఎనభైమంది అటే చూస్తున్నారు. ఆ మొహంలో తేనె లేదు, నెత్తురూ లేదు. 

"తలుపు తియ్యండి మేడమ్. ఇది నేను పెట్టిన కాగితం కాదు."

"మీరు పెట్టింది కాదని నాకూ అర్థమైంది సార్. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. నా క్లాసులో మధ్యలో తలుపు తియ్యరు, కూర్చోండి."

గుప్పిట్లో తాళంచెవి అరచేతిని కోస్తోంది. కాగితం కంటికి దగ్గరగా పట్టుకుని రెండో వాక్యం ముందు తనలో తను చదువుకుంది. తరవాత వెనక వరుసకి కూడా వినపడేట్టు, ఒక్కో మాటా ఆపి ఆపి, పైకి చదివింది.

"'ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలుసు. మీకూ తెలుసు.'"